కన్ను అంటు

ఆరు గంటలసేపు పక్కన కూర్చుని మాట్లాడాలి. లోవకుమారి చెయ్యాల్సిన పని అదొక్కటే.

"ఏం మాట్లాడాలండీ?" అని అడగడానికి ఆ పిల్లకి రెండు రోజులు పట్టింది. అడిగినప్పుడు కూడా డాక్టరమ్మ మొహంలోకి చూడలేదు. ఆవిడ బల్ల మీదున్న గాజు గుండుని అడిగింది.

డాక్టర్ శేషరత్నం నవ్వింది. "ఏదైనా సరే. మీ పిల్లి ఈనిందని చెప్పు. మీ మామ్మ పప్పులో ఉప్పు ఎక్కువేసిందని చెప్పు. విషయం ముఖ్యం కాదమ్మా, గొంతు ముఖ్యం. మందు పనిచేస్తున్నంతసేపూ మీ అమ్మ చెవిలో అయినవాళ్ల గొంతు పడుతుండాలి. చెయ్యి పట్టుకుని ఉండాలి. అలా కూర్చునే మనిషిని ఇక్కడ తోడు అంటాం. అంతే."

ఆవిడ అంతే అని సులువుగా అనేసింది. లోవకి పదహారేళ్లు. కడియం పక్క పల్లెలో పదో తరగతి దాకా చదివింది. హాజరు పిలిచినప్పుడు 'ప్రెజెంట్ సార్' అనడానికి కూడా గుండె దడదడలాడేది. లోపల మాటల్లేక కాదు. బడి నుంచి రాగానే గట్టు మీద కూర్చుని డైరీలో పేజీలకు పేజీలు రాసేది. డైరీలో ఆ పిల్ల వట్టి వాగుడుకాయ. మనుషుల ముందు మాత్రం నోరు పెగలదు. "నోరు విప్పితే ముత్యాలు రాలిపోతాయా ఏంటే?" అని మామ్మ అచ్చియ్యమ్మ రోజూ దెప్పుతూనే ఉండేది.

ఇప్పుడు ఆ ఇంట్లో మాట్లాడని వాళ్లు ఇద్దరయ్యారు. లోవ తండ్రి వీర్రాజు మొక్కల వ్యానుతో వెళ్లి దారిలో బోల్తాపడి చనిపోయి మూడేళ్లయింది. కబురు వచ్చిన రోజున తల్లి సత్యవేణి ఏడవలేదు. చేతిలో ఉన్న అంటు కత్తిని తుడిచి, మడిచి, చూర్లో పెట్టింది. మళ్లీ తియ్యలేదు. పెడితే తినేది, లేపితే లేచేది. ఆ చుట్టుపక్కల నర్సరీల్లో గులాబీకి కన్ను అంటు కట్టడంలో సత్యవేణి తర్వాతే ఎవరైనా. నాటు గులాబీ కాడ మీద బెరడు చీల్చి, మేలు రకం గులాబీ నుంచి తీసిన మొగ్గని, అంటే కన్నుని, ఆ చీలికలో కూర్చోబెట్టి, టేపు చుట్టి కట్టేది. వంద కడితే తొంభై అయిదు పట్టేవి. అలాంటి మనిషి మూడేళ్లుగా నులకమంచం మీద గోడవైపు తిరిగి పడుకుంది. మాత్రలు మింగించారు. ఏడుపూ రాలేదు, నవ్వూ రాలేదు.

అప్పుడు తెలిసింది, గోదావరి గట్టున ఉన్న పరిశోధన కేంద్రంలో కొత్త మందు ఇస్తున్నారని. తొలకరికి అడవుల్లో మొలిచే ఒక జాతి పుట్టగొడుగులోని పదార్థాన్ని తీసి, మార్చి, చేసిన మందు. కాగితాల మీద దాని పేరు టీ-తొమ్మిది. అక్కడ పనిచేసేవాళ్లు మాత్రం 'తెరిపి' అనేవాళ్లు. ముసురు పట్టిన వాన కాసేపు ఆగితే తెరిపి ఇచ్చింది అంటాం కదా, అలాగ.

ఆ రోజు లోవ డైరీలోంచి నాలుగు పేజీలు కాగితం మీద ఎక్కించుకుని వెళ్లింది. గదిలో తెల్లమంచం లేదు. నేల మీద పరుపు, కిటికీకి నీలం తెర, పరుపు పక్కన చాప. ఒక గోడ మొత్తం అద్దం. అద్దం వెనక డాక్టరమ్మ, ఇంకో ఇద్దరు కూర్చుని చూస్తుంటారని లోవకి ముందే చెప్పారు. చెప్పకపోయినా బాగుండేది.

సత్యవేణి చిన్న స్టీలు గ్లాసులో మందు తాగి పడుకుంది. తలకి వైర్లున్న టోపీ పెట్టారు. లోవ తల్లి చెయ్యి పట్టుకుని మొదలుపెట్టింది. "అమ్మా, మన పిల్లి ఈనిందమ్మా. మూడు పిల్లల్ని పెట్టింది. ఒకటి నల్లది..."

అరగంటకల్లా సత్యవేణి వేళ్లు కదిలాయి. తల తిప్పి కూతుర్ని చూసింది. ఊరికే కళ్లు తెరిచి చూడటం కాదు. మూడేళ్ల తర్వాత మొదటిసారి లోపల ఎవరో ఉండి చూసినట్టు చూసింది. చూస్తుండగానే ఆ కళ్లలోంచి నీళ్లు కారాయి.

లోవ చేతిలో కాగితం చెమటకి తడిసి అక్షరాలు అలుక్కుపోయాయి. అద్దంలోకి చూసింది. అందులో తన మొహమే కనిపించింది, కానీ దాని వెనక ముగ్గురున్నారు. ఒక్క మాట, పిల్లి గురించి ఇంకొక్క మాట, రాలేదు. "ఒక్క నిమిషం" అని గొణిగి, తల్లి చెయ్యి వదిలేసి, పరుగెత్తుకెళ్లి బాత్రూంలో గడియ పెట్టుకుంది.

బయటికి వచ్చేసరికి నలభై నిమిషాలు గడిచిపోయాయి. చాప మీద ఎస్తేరు రాణి కూర్చుని ఉంది.

ఎస్తేరు అక్కడ నర్సు. ఇరవై రెండేళ్లుంటాయి. కోనసీమ లంకల పిల్ల. నోట్లో మాట నిలవదు. "ఆయ్, మా బాతుల్ని చూడాలండి మీరు, తిన్నగా చర్చి గుమ్మం దాకా వచ్చేసేవి. పాస్టరు గారు వాటినీ లెక్కలో వేసుకునేవారేమో, మా ఊర్లో జనం ఎక్కువొచ్చేస్తున్నారని రాసేవారు పైవాళ్లకి" అంటోంది. సత్యవేణి నవ్వుతోంది. చెయ్యి ఎస్తేరు చేతిలో ఉంది.

లోవ తలుపు దగ్గరే నిలబడిపోయింది. డాక్టరమ్మ వచ్చి భుజం పట్టుకుని అద్దం వెనక్కి తీసుకెళ్లింది. "ఇప్పుడు మనిషిని మార్చకూడదమ్మా, బెదిరిపోతుంది" అంది.

అలా లోవ అయిదు గంటలు అద్దం వెనక కూర్చుంది. ఎదురుగా తెర మీద తల్లి మెదడు బొమ్మ. పొద్దున అక్కడక్కడా సన్నటి గీతలుండేవి, ఎండిన కాలవల్లాగ. ఇప్పుడు అన్నివైపులకీ పాకుతున్నాయి.

"మన మెదడులో సెరటోనిన్ అని ఒక పదార్థం ఉంటుంది" అని డాక్టరమ్మ తెర చూస్తూనే చెప్పింది. "ఒక కణం నుంచి ఇంకో కణానికి కబురు మోస్తుంది. దానికోసమే కణాలకి ప్రత్యేకంగా గుమ్మాలుంటాయి. మన మందు అచ్చం సెరటోనిన్‌లాగే వేషం వేసుకెళ్లి ఆ గుమ్మం తడుతుంది. కణం మోసపోయి తలుపు తీస్తుంది. అప్పుడు పాత దారులన్నీ కాసేపు చెదిరిపోతాయి. బాధ తొక్కి తొక్కి గట్టిపడిన దారులు కూడా. కొత్తవి మొలుస్తాయి, చూడు."

"మరి పాత మాత్రలు ఎందుకు ఆపించారండీ?" లోవ గొణిగింది.

"అవి వేసుకుంటే మన మందు తట్టినా తలుపు సరిగ్గా తెరుచుకోదు. అందుకే ఆరు వారాల ముందే ఆపించాం."

మూడో గంటలో సత్యవేణి పెదాలు కదిలాయి. మూడేళ్ల తర్వాత ఆ నోట్లోంచి వచ్చిన మొదటి మాట స్పీకర్‌లో గరగరమంటూ వినపడింది.

"కన్నూ."

ఆ మాట లోవది. చిన్నప్పుడు నర్సరీలో తల్లి పక్కన కూర్చుని టేపు ముక్కలు అందిస్తుంటే, "నా గులాబీ కన్నువే నువ్వు" అని, తర్వాత్తర్వాత ఉత్త "కన్నూ" అని పిలిచేది. ఊళ్లో ఏ తల్లీ ఏ పిల్లనీ అలా పిలవదు.

సత్యవేణి ఎస్తేరు మొహంలోకి చూస్తూ అంది ఆ మాట.

ఆ తర్వాత ఇంట్లో రోజూ పండగే. సత్యవేణి తనంతట తాను తలంటుకుంది. చూర్లోంచి కత్తి తీసి సానపెట్టుకుంది. మామ్మ వీధిలో పోయేవాళ్లందర్నీ పిలిచి మరీ చూపించింది. లోవ కూడా సంతోషించింది. నిజంగానే సంతోషించింది, పగలు నాలుగింటి దాకా.

నాలుగింటికి ఎస్తేరు స్కూటీ వచ్చేది. మందు వేసుకున్నవాళ్లని రోజూ చూసి రావడం ఆ పిల్ల ఉద్యోగం. మూడున్నర నుంచే సత్యవేణి చెవి గేటు వైపు ఉండేది. స్కూటీ చప్పుడు వినగానే మొహం విచ్చుకునేది. ఎస్తేరు బీపీ చూసి, రాసుకుని, వెళ్లిపోవచ్చు. వెళ్లేది కాదు. ఇంటి ముందు మొక్కలకి నీడగా కట్టిన గ్రీన్ నెట్ కింద బోర్లించిన గంప మీద కూర్చుని టేపు ముక్కలు అందించేది. ఆ గంప లోవది.

"సిస్టరంటే అక్కేనంట కదే" అంది మామ్మ వక్క నములుతూ. "నీకో అక్కొచ్చింది. ఇంకేం, మొహం ఎందుకలా ముడుచుకుంటావు?"

"నాకేం అక్కర్లేదు" అంది లోవ.

"అబ్బో! మాటొచ్చిందే నీకు!"

ఒక సాయంత్రం సత్యవేణి అంటు మొక్క ఒకటి చేతిలోకి తీసుకుని, కట్టుకి కింద నాటు కాడ మీద పుట్టిన లేత చిగురుని గోటితో గిల్లేసింది. "చూశావా కన్నూ, ఇలా కింద నుంచి వచ్చేది ఎప్పటికప్పుడు తీసెయ్యాలి. ఉంచితే కన్నుకి అందాల్సిన బలమంతా ఇదే లాగేస్తుంది."

"పాపం కదండీ" అంది ఎస్తేరు.

"పాపమేంటి? దీనికేమైనా మంచి పువ్వు పూస్తుందా!" ఇద్దరూ నవ్వారు.

బిందెతో నీళ్లు తెస్తున్న లోవ ఆగిపోయింది. కింద పడిన చిగురుని చూసింది. ఆ రోజు డైరీలో ఒక్కటే వాక్యం రాసింది. 'నన్ను గిల్లి పారేశారు.'

కేంద్రంలో కూడా ఈ సంగతి మీదే మాటలు నడుస్తున్నాయి. తోడు కూర్చున్న మనిషి మీద మందు తాగిన మనిషికి పసిపిల్లలకి తల్లి మీద ఉండేంత మమకారం పుడుతోంది. దుఃఖం తీరుతుందని అనుకున్నారు గానీ, ఇలా జరుగుతుందని ఎవరూ ముందు ఊహించలేదు. ఒక రిటైరయిన మాస్టారికి ఏళ్ల తరబడి మాటల్లేని కోడలు తోడు కూర్చుంది, ఇప్పుడు ఆయన ఆవిడ వడ్డిస్తే తప్ప అన్నం ముట్టడం లేదట. "మా అత్తగారు నన్ను చంపేస్తారండీ" అని ఆ కోడలు మొరపెట్టుకుందట.

"అంటు లాంటిదే అనుకో" అని డాక్టరమ్మ లోవకి చెప్పింది. "చీలిక పచ్చిగా ఉన్న ఆరు గంటల్లో ఏ కన్ను కడితే అది పట్టేస్తుంది."

"తీసెయ్యలేరాండీ?"

"మొదటి మోతాదు మూడు నెలలే నిలుస్తుంది. రెండోది పడకపోతే మీ అమ్మ మళ్లీ గోడవైపు తిరిగి పడుకోవచ్చు. రెండోది ఇరవై నాలుగో తారీఖున. అదీ ఎస్తేరే కూర్చోవాలి. పట్టిన అంటుని కదిలించకూడదు కదా." ఆగి, జాలిగా అంది. "నువ్వు మాత్రం ఆవిడ కూతురివే కదమ్మా."

కూతురివే కదా. రోజూ తన తల్లి వేరేవాళ్లని కన్నూ అంటుంటే వినడం ఎలా ఉంటుందో ఈవిడకేం తెలుసు? రెండోసారి కూడా కడితే ఇంక ఆ ముడి ఎప్పటికీ ఊడదు. లోవకి ఇంటికొచ్చేదాకా ఇదే ఆలోచన. ఇంటికొచ్చి బియ్యం డబ్బా వెనక పెట్టిన పాత మాత్రల పొట్లం చూసింది. ఇంకా రెండు అట్టలు మిగిలున్నాయి.

ఆ మాత్రలు వేసుకుంటే మందు తట్టినా తలుపు తెరుచుకోదు. డాక్టరమ్మే చెప్పింది.

పదిహేనో తారీఖు పొద్దున మొదటి మాత్ర చెంచా వెనకవైపుతో నలిపి, తల్లి టీలో కలిపి, పంచదార కాస్త ఎక్కువ వేసింది. కేంద్రం వాళ్లిచ్చిన రోజువారీ పుస్తకంలో 'ఈరోజు ఇతర మందులు: లేవు' అని గుండ్రటి అక్షరాలతో రాసింది. తన డైరీలో మాత్రం నిజం రాసుకుంది. 'ఇవాళ ఒకటి. నేను చెడ్డదాన్ని కాదు. తలుపు మూస్తున్నానంతే. ఎవరో వచ్చి మా ఇంట్లో కూర్చోకుండా.'

ఆరో రోజు సత్యవేణి చెయ్యి కొంచెం వణికింది. కత్తి జారి బొటనవేలు తెగింది. "ఏటో, చెమటలు పడుతున్నాయి" అంది నవ్వుతూ. లోవ గుడ్డ కోసం లోపలికి పరుగెత్తింది. తెచ్చేలోపే ఎస్తేరు సంచీలోంచి దూది తీసి కట్టు కట్టేసింది. ఊదుతోంది కూడా. లోవ చేతిలో గుడ్డ చేతిలోనే ఉంది. ఆ వణుకు ఎందుకొచ్చిందోనన్న ఆలోచన ఒక్క క్షణం మెదిలింది. ఆ ఊదడం చూశాక అదీ కొట్టుకుపోయింది.

తొమ్మిది మాత్రలయ్యాయి. ఇరవై నాలుగో తారీఖు వచ్చింది.

పొద్దున్నే కేంద్రం వరండాలో ఎస్తేరు లోవని పక్కకి పిలిచింది. ఎప్పుడూ గలగలమనే మనిషి ఆ రోజు చున్నీ కొస నలుపుతూ నిలబడింది.

"ఇవాళ నేను కూర్చోవట్లేదు లోవా. డాక్టరు గారికి చెప్పేశాను. ఒప్పుకోలేదు మొదట. పోట్లాడి ఒప్పించాను. నువ్వే కూర్చోవాలి."

లోవ సంచీని గుండెలకి హత్తుకుంది.

"మా అమ్మ నా అయిదో ఏట కువైట్ వెళ్లింది. అక్కడే ఉండిపోయింది. ఫోన్లో గొంతు తప్ప నాకు ఆవిడ తెలీదు." ఎస్తేరు గోదావరి వైపు చూస్తూ చెప్పింది. "మీ అమ్మగారు కన్నూ అంటుంటే మొదట్లో నవ్వొచ్చేది. ఇప్పుడు సెలవు రోజున కూడా నాలుగవ్వగానే కాళ్లు మీ ఇంటివైపే లాగుతున్నాయి. మందు తాగింది ఆవిడైతే అంటుకుంది నాక్కూడా. నాది కానిదాన్ని నేను ఉంచేసుకుంటున్నానేమో అనిపించింది. ఆ రోజు నువ్వు బాత్రూంలోంచి వచ్చి గుమ్మంలో నిలబడ్డావు చూడు, నేను చూశానులే. చూసి కూడా లేవలేదు."

"నాకు... మాటలు రావు" అంది లోవ.

"రాకపోతే నీ డైరీ తెచ్చుకో. గట్టు మీద కూర్చుని రాస్తావు కదా రోజూ. అదే చదువు. ఆరు గంటలకి సరిపోతుందా, ఇంకా మిగులుతుందా?" ఎస్తేరు నవ్వబోయింది. నవ్వు సగంలోనే ఆగింది.

లోవ సంచీలో డైరీ ఉంది. అందులో తొమ్మిది రోజుల పేజీలున్నాయి.

అదే గది. నీలం తెర, చాప, అద్దం. ఈసారి చాప మీద లోవ కూర్చుంది. సత్యవేణి ఎస్తేరు కోసం చుట్టూ చూసింది. "కన్ను ఏదీ?" అని అడిగింది. లోవ తలొంచుకుంది. తను పోగొట్టుకున్న చోటు తిరిగి తన చేతికొచ్చింది. కానీ తెరవాల్సిన తలుపుని తనే స్వయంగా మూసేసింది. ఆరు గంటలు చదివినా లోపలికి ఒక్క ముక్క పోదు. ఎవరికీ తెలియదు. మందు పనిచెయ్యలేదనుకుంటారు. అంతేగా?

డాక్టరమ్మ గ్లాసు తెచ్చి, అలవాటు ప్రకారం కాగితం చూసి అడిగింది. "పాత మాత్రలు పొరపాటున కూడా పడలేదు కదా? మొదటి మోతాదుకైతే ఫలితం తగ్గేది, అంతవరకే. ఇది దానికి రెట్టింపు. రెండూ కలిస్తే ఒంట్లో సెరటోనిన్ పొంగిపోతుంది. ముందు చెమటలు, చేతులు వణకడం. తర్వాత జ్వరం, ఫిట్లు. ప్రాణం మీదికే వస్తుంది."

"లేదండి, అమ్మాయి రోజూ రాసింది" అన్నాడు ఆవిడ వెంట వచ్చిన ఇంకో డాక్టరు, రోజువారీ పుస్తకం తిప్పుతూ.

చెమటలు. చేతులు వణకడం. లోవ చూపు తల్లి బొటనవేలి కట్టు మీద పడింది.

సత్యవేణి గ్లాసు పెదాల దగ్గర పెట్టుకుంది.

"తాగొద్దు!"

ఆ అరుపు ఎవరిదో లోవకే తెలియలేదు. లేచి నిలబడి ఉంది. గదిలో అందరూ తనవైపే చూస్తున్నారు, అద్దం వెనకున్నవాళ్లతో సహా. "తాగొద్దమ్మా. నేనేశాను. టీలో. తొమ్మిది రోజులు. పుస్తకంలో అబద్ధం రాశాను. మాత్రలేస్తే తలుపు మూసుకుపోద్దని మేడం గారు చెప్పారు. మూసుకుపోతే సిస్టరు మాట లోపలికి పోదు కదా అని. నువ్వు ఆవిణ్ణి కన్నూ అంటున్నావు. అది నా పేరు. నా గంప మీద కూర్చుంటోంది. నేను ఆ రోజు పారిపోయాను, నాదే తప్పు, నాకు తెలుసు, కానీ నువ్వు నా కోసం ఒక్కసారి కూడా గేటు వైపు చూడవు. ఇలా ప్రాణం మీదికొస్తుందని నాకు తెలీదమ్మా. తెలిస్తే... తెలిసినా వేసేదాన్నేమో. నాకు తెలీదు."

పుట్టి బుద్ధెరిగాక ఆ పిల్ల ఒక్క బిగిన అన్ని మాటలు మాట్లాడటం అదే.

సత్యవేణి గ్లాసుని ఒక్క చుక్క తొణక్కుండా పళ్లెంలో పెట్టింది. డాక్టరమ్మ చాప మీద చతికిలబడింది. "ఆరు వారాలు" అంది. "మాత్ర పూర్తిగా ఒంట్లోంచి పోవాలి. ఈలోపు మొదటి మోతాదు దిగిపోవచ్చు. ఆరు వారాల తర్వాత మళ్లీ ఇవ్వనిస్తారో లేదో కూడా నేను చెప్పలేను. ఏం పని చేశావే నువ్వు!"

తలుపు దగ్గర ఎస్తేరు రెండు చేతులతో నోరు మూసుకుని నిలబడి ఉంది.

ఆటోలో దారంతా సత్యవేణి మాట్లాడలేదు. ఇంటికొచ్చాక మామ్మ మాత్రం ఊరంతా వినపడేలా తిట్టింది. "తల్లికి మందు పెడతావటే! కడుపున పుట్టినదానివేనా!" ఆ తిట్లు ఆగితే మిగిలేది తల్లి మౌనం. దానికన్నా లోవకి తిట్లే నయమనిపించింది.

మూడు రోజులు సత్యవేణి కూతురితో మాట్లాడలేదు. ఎప్పటిలాగే తన పని తను చేసుకుంది. ఎస్తేరు రావడం మానేసింది. బదులుగా ఎవరో మగ నర్సు వచ్చి బీపీ చూసి వెళ్తున్నాడు. నాలుగయ్యేసరికి సత్యవేణి తల మాత్రం గేటు వైపు తిరుగుతూనే ఉంది. తిరిగినప్పుడల్లా లోవ గుండెలో ముల్లు కదులుతూనే ఉంది. ఒప్పుకున్నంత మాత్రాన అసూయ పోలేదు. ఇప్పుడు దానికి తోడు సిగ్గు కూడా చేరింది.

నాలుగో రోజు నాలుగింటికి లోవ డైరీ పట్టుకుని గ్రీన్ నెట్ కిందికి వెళ్లింది. గంప ఖాళీగా ఉంది. కూర్చుంది. టేపు చుట్ట తీసుకుని ముక్కలు కత్తిరించింది. సత్యవేణి చూడలేదు. చెయ్యి మాత్రం చాపింది. లోవ ముక్క అందించింది.

డైరీ ఒళ్లో పెట్టుకుని మొదటి పేజీ నుంచి చదవడం మొదలుపెట్టింది. మొదట గొణుగుడే. వాన నీళ్లకి బడి చూరు కారడం, లెక్కల సారు తనని పేరు మార్చి పిలవడం, నాన్న చొక్కా ఒకటి దాచుకుని ఎవరికీ చెప్పకపోవడం. ఆ చొక్కా దగ్గర సత్యవేణి చెయ్యి ఆగింది. మళ్లీ కదిలింది. లోవ చదువుతూనే ఉంది. మూడేళ్లు. బాత్రూం. కన్నూ అన్న మాట. తొమ్మిది మాత్రలు, ఏ రోజుది ఆ రోజు. ఒక్కటీ దాటెయ్యలేదు. గొంతు బొంగురుపోయింది.

చదవడం అయ్యాక ఏం చెయ్యాలో తెలియక, పక్కనున్న అంటు మొక్క కింద జానెడు పొడవు పెరిగిపోయిన నాటు చిగురుని చూసింది. ఈమధ్య ఎవరూ గిల్లక ముదిరి కాడైపోయింది. దాన్ని చూస్తే ఒళ్లు మండింది. పట్టుకుని ఒక్క లాగు లాగి, విరిచి, దారిలోకి విసిరేసింది.

సత్యవేణి కత్తి కింద పెట్టింది. లేచి వెళ్లి ఆ కాడని తీసుకొచ్చింది. మట్టి నింపిన నల్ల కవరొకటి దగ్గరికి లాక్కుని, వేలితో గుంట చేసి, అందులో కాడని నిలబెట్టి, చుట్టూ మట్టి నొక్కింది. చెంబుతో నీళ్లు పోసింది.

"దీనికేమైనా మంచి పువ్వు పూస్తుందా అన్నావు" అంది లోవ.

"పుయ్యదు" అంది సత్యవేణి. మూడు రోజుల తర్వాత కూతురితో అదే మొదటి మాట. కవరుని నీడలోకి జరిపింది. "ఇది పారేస్తే రేపు కన్ను దేని మీద కడతానే?"

గేటు బయట రోడ్డు మీద ఏదో స్కూటీ చప్పుడైంది. సత్యవేణి తల అటు తిరగబోయింది. తిరగకుండా ఆపుకుంది. లోవ చూసింది. ముల్లు ఒకసారి కదిలింది.

"టేపు" అంది తల్లి, చెయ్యి చాపి.

లోవ ముక్క అందించింది.